తాండ్ర చెట్టు దగ్గర ఏడు మెట్ల నిచ్చెన

ఆ ఉదయం తోటలో ఉన్నవాళ్ళు: మా నాన్న, మా మావయ్య, ముసలి మాలి, నేను. ఇనప కడ్డీల దగ్గర కసరత్తు చేసేవాళ్ళు ఇద్దరు. ఉన్నవి: సిమెంటు బల్లలు నాలుగు, అందులో ఒకటి విరిగింది. తీగ కంచె లోపల దుప్పులు ఐదు. తోక ఈకలు ఊడిన నెమలి ఒకటి. ఆర్పేసిన కిరసనాయిలు దీపం ఒకటి, దాని స్తంభంతో సహా. ఏడు మెట్ల నిచ్చెన ఒకటి. గోనెసంచి ఒకటి. చింతపిక్కలు ఇరవై. తాండ్ర చెట్టు ఒకటి, దాని తొర్రలో మట్టిగోడ వెనక పిట్ట ఒకటి.

పోయిన వారం దాకా ఈ జాబితా నా తలలోనే ఉండేది. పోయిన వారం మా కరెంటు ఆఫీసులో నాకొక పని చెప్పారు. జయపురానికి పడమర పక్క కొత్త నీళ్ళ పంపు కడుతున్నారు. దానికి వేసే కరెంటు లైను తోట అంచు మీదుగా పోతుంది. అడ్డం వచ్చే పదిహేడు చెట్లకి సున్నంతో నంబర్లు వేసి, చుట్టుకొలతలు రాసి ఇవ్వాలి. టేపు, సున్నం డబ్బా, నోటుబుక్కు పట్టుకుని వెళ్ళాను. ఒకటి, రెండు సరుగుడు. మూడు నేరేడు. అలా వేసుకుంటూ పోయి తొమ్మిదో చెట్టుకి టేపు చుట్టడానికి రెండు చేతులూ చాపి, చెంప బెరడుకి ఆనించేసరికి నాకు కిరసనాయిలు వాసన వచ్చింది. తాండ్ర చెట్టుకి కిరసనాయిలు వాసన ఉండదు. అది మా నాన్న వాసన.

మా నాన్న వీధి దీపాలు వెలిగించేవాడు. మాది శ్రీకాకుళం పక్క పల్లె. అక్కడినుంచి కొందరు గునుపురం వెళ్ళి పొలాలు చేసుకున్నారు, మా నాన్న జయపురం వచ్చి మునిసిపాలిటీ పనిలో చేరాడు. ఆయన వంతుకి వచ్చిన దీపాలు నలభై ఆరు. సాయంత్రం భుజాన నిచ్చెన, చేతిలో కిరసనాయిలు డబ్బా, మొలలో ఒత్తులు కత్తిరించే కత్తెర, తలపాగాలో అగ్గిపెట్టె. పొద్దున్న మళ్ళీ బయలుదేరి దీపాలు ఆర్పుకుంటూ, చిమ్నీల మసి బూడిదతోనూ గుడ్డతోనూ తుడుచుకుంటూ వచ్చేవాడు. దూరాలన్నీ ఆయనకి దీపాల్లోనే తెలుసు. బజారు ఎంత దూరమని ఎవరైనా అడిగితే, "ఎంతో నేదు, తొమ్మిది దీపాలు," అనేవాడు. అడిగినవాడు తెల్లబోయి చూసేవాడు.

నేను నాలుగో తరగతి చదివేటప్పుడు ఆయన కుడి మోకాలు వాచింది. మొదట సాయంత్రాలు కుంటాడు. తరవాత పొద్దున్న కూడా కుంటాడు. ఒక రోజు ఇరవై రెండో దీపం దగ్గర నిచ్చెన మీదనుంచి దిగలేక, అలాగే పట్టుకుని నిలబడిపోతే దారిన పోయేవాళ్ళు దింపారు. ఆసుపత్రిలో కాంపౌండరు మోకాలు నొక్కి చూసి, నెల రోజులు నిచ్చెన ఎక్కొద్దన్నాడు. అలా అని పడుకోకూడదు, చదును నేల మీద రోజూ పొద్దున్న ఇరవై చుట్లు నడవాలి, లేకపోతే బిగుసుకుపోతుందన్నాడు.

పని చూసే మేస్త్రీ కూడా నెల రోజులే ఇచ్చాడు. ఆ నెలా మా మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, బియ్యం మిల్లులో పని చేసుకుంటూనే సాయంత్రమూ పొద్దున్నా మా నాన్న దీపాలు చూసేలాగ ఒప్పందం. నెల దాటిన రోజు సాయంత్రం నాన్న మేస్త్రీ ఎదుట నలభై ఆరు దీపాలూ తనే ఎక్కి వెలిగించాలి. వెలిగించలేకపోతే పని ఇంకొకరికి. పని పోతే మునిసిపాలిటీ ఇచ్చిన గది పోతుంది. గది పోతే మేము గునుపురం వెళ్ళి పెదనాన్న పొలంలో కూలికి దిగాలి. నా బడి సంగతి ఎవరూ ఎత్తలేదు, ఎత్తక్కర్లేకుండానే నాకు తెలిసింది.

అప్పటి నుంచి రోజూ తెల్లవారగానే నాన్నా నేనూ తోటకి. ఎస్టేటు వాళ్ళు ఎప్పుడో వేయించి ఊరికి వదిలిన తోట అది. చైత్రం వెళ్ళి వైశాఖం వచ్చే రోజులు. గాలిలో ఇప్పపువ్వు పులిసిన వాసన, దుప్పుల దొడ్డి వాసన, మాలి తగలబెట్టే ఎండాకుల పొగ. ఇంట్లో తాగి వచ్చిన తరవాణి పులుపు ఇంకా నోట్లోనే ఉండేది. నేను విరిగిన బల్ల మీద కూర్చుని లెక్క చూసేవాణ్ణి. కుడి పక్క ఇరవై చింతపిక్కలు. నాన్న ఒక చుట్టు తిరిగి వస్తే ఒక పిక్క ఎడమ పక్కకి జరపాలి. అమ్మ ఆ పిక్కలు వేయించి ఇచ్చింది, పచ్చివైతే తేమకి బూజు పడతాయని. అదే తప్పయింది. వేయించిన పిక్క బుగ్గన నానబెట్టి నమిలితే ఎంత బాగుంటుందో తిన్నవాళ్ళకి తెలుసు. ఎడమ పక్కకి జరగవలసినవి ఒకటీ రెండూ నా బుగ్గలోకి జరిగేవి.

"ఎన్నయ్యాయిరా?"

"పదిహేడు నాన్నా."

"పదిహేడేటి? కాళ్ళు పడిపోతన్నాయి. నిన్న ఈ ఏలకి ఇంటికాడున్నాం."

"పదిహేడే నాన్నా."

"ఏది, నోరు తెరు."

తెరవగానే రహస్యం బయటపడింది. ఆయన కొట్టలేదు. ఆ మూడు చుట్లూ నన్ను తిరగమన్నాడు, తను బల్ల మీద కూర్చుని.

అలా నేను తిరుగుతున్నప్పుడే తాండ్ర చెట్టు మీద ఆ పిట్టని చూశాను. గద్దకన్నా పెద్దది. నల్ల ఒళ్ళు, తెల్ల పొట్ట, పసుపు పచ్చ ముక్కు, ఆ ముక్కు మీద ఇంకో ముక్కు బోర్లించినట్టు కొమ్ము. ఎగిరితే రెక్కల చప్పుడు ఎవరో చాప దులిపినట్టు వినపడేది. అది వచ్చి రెండు నిలువుల ఎత్తులో ఉన్న తొర్ర దగ్గర వాలి, గొంతులోంచి మేడిపండొకటి పైకి తెచ్చి, ముక్కు చివర పట్టుకుని, తొర్రలోకి అందించింది. తొర్రకి మట్టితో గోడ కట్టి ఉంది. మధ్యన నిలువుగా సన్నటి చీలిక. ఆ చీలికలోంచి ఇంకో ముక్కు వచ్చి పండు అందుకుంది.

మాలి ఒడియా, తెలుగూ కలిపి మాట్లాడే ముసలాయన. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే పార ఆపి దగ్గరికి వచ్చాడు.

"కొచిలాఖాయి బాబూ. మా లోపల అఛ్ఛి," అన్నాడు. కొచిలాఖాయి ఆ పిట్ట పేరు, తల్లి లోపలుందని. "ఈకలు నాహి. అన్నీ రాల్చేసింది. ఎగరలేదు. బాపొ తెస్తే తింటది, తేకపోతే లేదు."

పిల్లలు పెద్దవయ్యే దాకా, వానల ముందు వరకూ అది బయటికి రాదట. గోడ బయటివాళ్ళు కట్టింది కాదు, లోపలికి దూరి అది తనే కట్టుకుందట. నాకు నమ్మకం కుదరలేదు. రెండు రోజులు చూశాక కుదిరింది. నాన్న ఒక చుట్టు తిరిగేలోపు మగపిట్ట ఒకసారి వచ్చేది, ఒక్కొక్కప్పుడు రెండుసార్లు. నేను దాని రాకలు కూడా వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకి నాన్నే చెట్టు దగ్గరికి వచ్చేసరికి నడక తగ్గించేవాడు.

"ఈయేళ ఎన్నిసార్లొచ్చేడు ఆడు?"

"ఎనిమిది."

"నేనింకా అయిదు చుట్లే తిరిగేను. ఆడు నాకన్నా గట్టోడే."

ఇంట్లో ఆ మాట నేనే చెప్పాను. చోడంబలి తాగుతూ, పెద్ద సంగతి చెప్పినట్టు, తొర్రలో పిట్ట సంగతంతా చెప్పాను. అప్పుడు మావయ్య కూడా ఉన్నాడు. ఆయన గిన్నె కింద పెట్టేశాడు.

"రెండు ముక్కుల పిట్టా? తోటలోనా? ఓలప్పా, దేవుడు మన తోవలోనే ఎట్టేడే! దాని కొవ్వు కాసి నూనె తీసి రాస్తే మోకాళ్ళ నొప్పులు మరుండవు. మిల్లులో తూకం ఏసే ముసిలోడు రాసుకున్నాడు. మూడ్రోజులకి సైకిలెక్కేడు."

"నిజఁవేటిరా?" అంది అమ్మ.

"నా కళ్ళతో సూసేను. అడివిలో పిట్టైతే తుపాకీ కావాల. ఇదెక్కడికి ఎగరద్ది? ఈకల్లేవంతన్నాడు కదేటి అల్లుడు. నిచ్చెనుంటే సాలు."

నిచ్చెన మా గది గోడకి ఆనించి ఉంది.

నాన్న అంబలి తాగి, మోకాలికి ఆవదం ఆకు కట్టుకుంటూ కూర్చున్నాడు. అమ్మ ఆయన వైపు తిరిగింది.

"ఏటయ్యా, ఇనబడతందా? ఇంక పదకొండ్రోజులుంది. పని కావాలా, పిట్ట కావాలా?"

"మోకాలు నాది. పిట్ట నాది కాదు," అన్నాడు నాన్న.

"ఓలమ్మ, పిట్ట ఎవులదైతే ఏటి! ఈ గుంటణ్ణి పొలం పనికి పంపుతావా? ఆడి సేతులు సూడు, కలం పట్టుకునే సేతులు."

నా చేతులు నేను వెనక్కి పెట్టుకున్నాను. నాన్న మళ్ళీ మాట్లాడలేదు. మా ఇంట్లో నాన్న మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టు లెక్క. ఆ లెక్కే మావయ్య వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్న మావయ్య దీపాలు ఆర్పుకుంటూ, తోటలో ఉన్న చివరి దీపం దగ్గరికి వచ్చి అదీ ఆర్పి, నిచ్చెన అక్కడినుంచి తాండ్ర చెట్టు దగ్గరికి తెచ్చాడు. భుజం మీద గోనెసంచి. నా ఎడమ పక్క పిక్కలు పదకొండు, కుడి పక్క తొమ్మిది. నాన్న పన్నెండో చుట్టులో, దుప్పుల కంచె దగ్గర ఉన్నాడు. పిట్ట సంగతి నేను చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. అరవాలని ఉంది. అరిస్తే గది, బడి. అరవకపోతే పిట్ట. ఏమీ తోచనప్పుడు నేను ఏదో ఒకటి లెక్కపెట్టడం అప్పటికే అలవాటు. మావయ్య ఎక్కుతుంటే మెట్లు లెక్కపెట్టాను.

ఒకటి, కుడికాలు. రెండు, ఎడమకాలు. మూడు, కుడి. నాలుగు, ఎడమ.

అక్కడ ఆగిపోయాను. నాన్న ఎక్కేది అలా కాదు. నాన్న ప్రతి మెట్టుకీ ముందు కుడికాలు వేసి, బరువంతా దాని మీద లేపి, ఎడమకాలు తెచ్చి పక్కన పెడతాడు. మళ్ళీ కుడి. మళ్ళీ పక్కన ఎడమ. దిగేటప్పుడు ఎడమకాలు ముందు దింపుతాడు, అప్పుడు వంగేదీ కుడి మోకాలే. దీపం అంటే లక్ష్మి అనీ, దీపం ముట్టుకోవడానికి వెళ్ళేటప్పుడు కుడికాలే ముందుండాలనీ వాళ్ళమ్మ చిన్నప్పుడు చెప్పిందట. ఆమె చెప్పింది గడప దగ్గర పెట్టే దీపం గురించి. నాన్న దాన్ని నలభై ఆరు దీపాలకీ, ఏడేసి మెట్లకీ పాటించాడు.

"నాన్నా! మావయ్య ఎడంకాలు కూడా ఏస్తన్నాడు!"

నాన్న కంచె దగ్గరినుంచే నవ్వాడు. "ఆడు మిల్లోడురా. ఆడికి దీపమేటి తెలుసు."

"అది కాదు నాన్నా! నలభై ఆరు ఏడులు మూడు వందల ఇరవై రెండు. పొద్దుటిదీ సాయంత్రానిదీ ఆరు వందల నలభై నాలుగు. రోజుకి అన్ని మెట్లూ నీ కుడి మోకాలే ఎక్కుతంది. ఎడంది ఒక్కటీ ఎక్కట్లేదు. సున్నా!"

కడ్డీల దగ్గరివాళ్ళు కూడా కసరత్తు ఆపి చూశారు. నాన్న నడక ఆపి, తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు, ముందు కుడిదాని వైపు, తరవాత ఎడమదాని వైపు. అదే సమయానికి మావయ్య ఆరో మెట్టు మీద నిలబడి గోడ గీకడానికి తొర్రలో వేలు పెట్టాడు.

"ఓరమ్మో! పొడిసేసిందిరోయ్!"

వేలు నోట్లో పెట్టుకుని, రెండో చేత్తో నిచ్చెన పట్టుకుని ఊగుతున్నాడు. నాన్న కుంటుకుంటూ, అయినా నేనెప్పుడూ చూడనంత బేగి, చెట్టు దగ్గరికి వచ్చి నిచ్చెన కాళ్ళు పట్టుకున్నాడు.

"దిగు."

"దిగేదేటి బావా, ఇంకొక్క దెబ్బకి గోడ ఇడిపోద్ది. అక్క ఏడుస్తంది అక్కడ."

"నిచ్చెన నాది. దిగు. అటు సూడు."

పక్కన నేరేడు కొమ్మ మీద మగపిట్ట ఉంది. ముక్కులో మేడిపండు. ముందుకి రాదు, వెనక్కి పోదు, పండు మింగదు.

"పొద్దున్నుంచి పన్నెండుసార్లొచ్చేడు. గుంటడే కాదు, నేనూ లెక్కెడతన్నాను. డ్యూటీలో ఉన్నోడింట్లో దూరతావేటిరా?"

మావయ్య దిగాడు. దిగేటప్పుడు కూడా ఒకటి మార్చి ఒకటి వేశాడు. నాన్న వంగి అదే చూశాడు. తరవాత మళ్ళీ వెళ్ళి మిగిలిన చుట్లన్నీ తిరిగాడు. ఇరవయ్యో పిక్క జరిపాక నా పక్కన కూర్చున్నాడు.

"ఎంతన్నావు?"

"ఆరు వందల నలభై నాలుగు."

"ఆదివారం పోతే?"

"దీపాలకి ఆదివారం నేదు కద నాన్నా."

"నేదు," అన్నాడు.

లేచి నిచ్చెన తీసుకెళ్ళి తోటలో దీపస్తంభానికి ఆనించాడు. ఎడమకాలు ఎత్తాడు. అది మొదటి మెట్టుకి అంగుళం దాకా వెళ్ళి ఆగి, కిందికి వచ్చేసింది. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ అంతే. మోకాలి నొప్పి వల్ల కాదు, ఎడమది బాగానే ఉంది. "దీపం కాడికి ఎడంకాలెట్టుకుని ఎల్లడమేటిరా," అన్నాడు నాతో, సిగ్గుపడుతున్నట్టు.

ఇంటి దగ్గర అమ్మ మొదట మావయ్య వేలు చూసింది, తరవాత ఖాళీ గోనెసంచి చూసింది. పిట్టనీ, నాన్ననీ, నన్నూ వరసగా తిట్టింది. నేను చెప్పిన లెక్క మాత్రం రెండుసార్లు చెప్పించుకుంది. అన్నం వార్చి, గంజి పక్కన పెట్టి అంది:

"మొదటి మెట్టు కుడికాలెట్టు. అది లచ్చిందేవిది. మిగతా ఆరూ నీవి, ఎలగెక్కితే ఆయమ్మకేటి?"

అమ్మ తీర్పు మీద మా ఇంట్లో పైకోర్టు లేదు.

ఆ పది రోజులూ తోటలో చుట్లు పది చేసి, మిగిలినంతసేపూ నాన్న, కాంపౌండరు వద్దన్నా, స్తంభం దగ్గర నిచ్చెన ఎక్కడం నేర్చుకున్నాడు. పాతికేళ్ళుగా ఒకే తీరుకి అలవాటైన కాలు మాట వినదు. మూడో మెట్టుకి వచ్చేసరికి ఎడమకాలు మళ్ళీ వచ్చి కుడికాలి పక్కన చేరేది. నేను కింద నిలబడి "కుడి, ఎడం, కుడి, ఎడం" అని అరిచేవాణ్ణి. మాలి పార పక్కన పెట్టి తనూ అరిచేవాడు, ఒడియాలో. కడ్డీల దగ్గరివాళ్ళకి మంచి కాలక్షేపం దొరికింది.

గడువు రోజు సాయంత్రం మేస్త్రీ సైకిలు నడిపించుకుంటూ వెంట వచ్చాడు. ఆయన వెనక మావయ్య, మావయ్య వెనక నేను. పన్నెండో దీపం దగ్గర మేస్త్రీ అడిగాడు, "ఇదేటి, కొత్త ఎక్కుడు?"

"మోకాలు మొత్తుకుంది బాబూ. లెక్క మార్చేను."

ఇరవై రెండో దీపం దగ్గర నేను ముందుకి వెళ్ళి నిచ్చెన పక్కన నిలబడ్డాను. నాన్న ఎక్కి, వెలిగించి, దిగాడు. ముప్పయ్యో దీపం తరవాత ప్రతి స్తంభం దగ్గరా కాసేపు ఆగి ఎక్కాడు. మేస్త్రీ ఆ ఆగడాన్ని చూడనట్టు సైకిలు గొలుసు చూసుకున్నాడు. నలభై ఆరోది తోటలోది. అది వెలిగేసరికి నా లెక్క: కుడివి నూట ఎనభై నాలుగు, ఎడమవి నూట ముప్పై ఎనిమిది. మేస్త్రీ సైకిలెక్కి, "రేపు పొద్దున్న నువ్వే ఆర్పు," అని వెళ్ళిపోయాడు.

జ్యేష్ఠంలో, ఇంకా వాన పడక ముందు, ఒక పొద్దున్న మాలి మా గది దాకా వచ్చి పిలిచాడు. మావయ్యతో పాటు అమ్మ కూడా బయలుదేరింది. ఆ ఊళ్ళో అన్నేళ్ళున్నా ఆవిడ తోట చూడడం అదే మొదలు. మట్టిగోడ పగిలి ఉంది. కొమ్మ మీద తల్లిపిట్ట, కొత్త ఈకలతో, ఎండ ఎక్కువైనట్టు కళ్ళు మూస్తూ తెరుస్తూ. తొర్రలోంచి పిల్ల ఒకటి తల బయటపెట్టి చూస్తోంది, ముక్కు మీద కొమ్ము ఇంకా రానిది. అమ్మ చాలాసేపు చూసింది.

"ఇంత సన్నగున్నాది. దీనికి కొవ్వెక్కడిదిరా?" అని మావయ్య వైపు తిరిగింది. మావయ్య వేలు వెనక్కి పెట్టుకున్నాడు.

తరవాత రెండేళ్ళకి మాచ్‌ఖండ్ నుంచి కరెంటు వచ్చింది. దీపస్తంభాలు ఒక్కొక్కటే పీకేశారు. కిరసనాయిలు డబ్బా, కత్తెర, నిచ్చెన గోదాంలోకి పోయాయి. నాన్నకి తోట కావలి పని ఇచ్చారు. మాలి పోయాడు, దుప్పులు పోయాయి, కంచె తీగ కూడా ఎవరో పట్టుకుపోయారు. నేను డిప్లొమా చదివి, స్తంభాలు పాతే పనిలోనే చేరాను. నిచ్చెన ఎక్కే మనుషుల్ని రోజూ చూస్తాను. ఏ కాలు ముందు వేస్తారో ఇప్పటికీ కళ్ళు వాటంతటవే చూస్తాయి.

పోయిన వారం నేను తొమ్మిదో చెట్టు దగ్గర టేపు చుట్టుకుని నిలబడి ఉంటే, ఇప్పటికీ రోజూ తోటకి నడవడానికి వచ్చే నాన్న విరిగిన బల్ల మీదనుంచి అడిగాడు. ఆ బల్ల ఇంకా విరిగే ఉంది.

"ఎన్నో నెంబరురా అది?"

"తొమ్మిది."

"సుట్టు ఎంతొచ్చింది?"

"పదకొండడుగుల నాలుగంగుళాలు."

"అప్పుడు నీ సేతులకి సగం కూడా అందేది కాదు."

"పిట్టలు వస్తన్నాయా నాన్నా?"

"మూడేళ్ళయ్యింది, రాలేదు." తల ఎత్తి చూసి అన్నాడు, "తొర్రైతే ఉంది."

మోకాలు పట్టుకుని లేచి చుట్టు తిరగడానికి వెళ్ళిపోయాడు. నేను సున్నం వేయకుండా, ఎనిమిదో చెట్టు దగ్గరికి వెనక్కి వెళ్ళి లైను మళ్ళీ కొలిచాను. అక్కడ చిన్న వంపు ఇస్తే తీగ తాండ్ర చెట్టుకి పద్నాలుగడుగుల దూరంగా పోతుంది. వంపు దగ్గర బిగువు ఆపడానికి స్తంభం కావాలి. నాన్న చుట్టు పూర్తి చేసి వచ్చేసరికి కాగితం రాయడం అయిపోయింది.

కొట్టవలసిన చెట్లు: పదహారు. అదనంగా కావలసిన స్తంభాలు: ఒకటి.